రంగు మందు కొలత

ద్రాక్ష కాయలు త్వరగా పండి రంగు తిరగడానికి కొట్టే రంగు మందు కలపడం ఆమె పని. వంట, బట్టలు, మామగారి మాత్రలు, పందిరికి తీగలు కట్టడం, వీటి మధ్య ఇదొకటి. ముక్కుకు పాత చీర ముక్క కట్టుకుని, డ్రమ్ము నీళ్లలో మందు కొలిచి పోసి, కర్రతో తిప్పుతుంది. పిచికారీ గొట్టం పట్టుకునేది భర్త. అందుకని తోట ఆయనది. "చేతులు కడిగే వండావా? కూర మందు కంపు కొడుతోంది," అంటుంది అత్తగారు. నాలుగు ఊళ్ల అవతల పాలు మాడినా ఆవిడ ముక్కుకు తెలుస్తుంది.

"ఈసారీ రెండింతలు పొయ్యి. అందరికంటే ముందు మనమే కోసెయ్యాలి," అన్నాడు భర్త.

పోయిన ఏడూ ఇదే మాట. ఎక్కువవుతుందని ఆమె చెప్పినా వినలేదు. గుత్తులు గుత్తులే రాలిపోయి, తోటంతా గుజ్జులో నడిచినట్టయింది. "ఆడదాని చేత కలిపిస్తే ఇంతే," అని ఆయన చెప్పని మనిషి లేడు. దారిన పోయే మేకలకు కూడా చెప్పే ఉంటాడు.

ఈసారి ఆమె సీసా మీద రాసిన కొలతే పోసింది. ఆయనకు చెప్పలేదు. ఈ పంటా పోతే తన మాటకు ఆ ఇంట్లో ఇక చోటుండదని తెలుసు.

ఆయన మందు కొట్టి వచ్చిన మర్నాటి నుంచీ అంట్లు వదిలేసి పందిరి కిందికి పరుగు. మొదట గుత్తికి ఒక్క పండు ఎర్రబడింది. తరువాత దాని పక్కది. మందుల కొట్టతను చెప్పాడు, పళ్లు మాగేటప్పుడు తమంతట తామే ఒక గాలి వదులుతాయట, ఈ మందూ కాయలోకి వెళ్లి ఆ గాలినే వదులుతుందట. అంటే తను చేసింది, పండే వేళయిందని కాయ చెవిలో చెప్పడమేనా? పదో రోజున తలెత్తితే ఆకాశం కనపడలేదు. అంతా నలుపు, దాని మీద మంచులాంటి తెల్లటి పొర. ఇన్నేళ్లూ ఈ చేతులు అంట్లకే పుట్టాయనుకుంది.

పక్క తోట పెద్దాయన వచ్చి, నోరు తెరుచుకుని నిలబడిపోయాడు.

"ఏం చేశావురా అబ్బాయ్?"

"ఏముంది బాబాయ్, రెండింతలు దట్టించాను," అన్నాడు భర్త.

ఈ మాట నమ్మి పెద్దాయనా వెళ్లి అంతే కొడతాడు. ఆయన పంటా నేలపాలవుతుంది.

"రెండింతలు కాదు బాబాయ్," అంది ఆమె. "సీసా మీద ఉన్నంతే పోశాను."

"నాకు చెప్పలేదే?" అన్నాడు భర్త.

"పోయిన ఏడు చెప్పాను."

పెద్దాయన నవ్వు ఆపుకున్నాడు. "రేపు మా తోటకి నువ్వే వచ్చి కలపాలి అమ్మాయ్. సాయంత్రం దాకా పడుతుంది."

అలవాటుగా భర్త వైపు తిరగబోయి, ఆగింది.

"వస్తాను బాబాయ్."

"మరి ఇంట్లో వంటో?" అన్నాడు భర్త.

"కొలతలు చెప్పి వెళ్తాను."