గేటు దగ్గర బల్ల

ఆఫీసు నుంచి వచ్చి బస్సు దిగేసరికి మా కాలనీ గేటు దగ్గర ఒక మడతబల్ల వేసి ఉంది. దాని మీద మా అమ్మ సంచీలోని సరంజామా అంతా బోర్లించి ఉంది. కళ్ళజోడు పెట్టె, మోకాళ్ళకి రాసుకునే మందు, సగం అరిగిన సబ్బు, పాత చీర చింపి కుట్టుకున్న తుడుపుగుడ్డ. ఇళ్ళల్లో ఇచ్చే గుడ్డలు కంపు కొడతాయని అమ్మ తన గుడ్డ తనే పట్టుకెళ్తుంది. వాచ్‌మన్ ఆ గుడ్డని రెండు వేళ్ళతో ఎత్తి, విప్పి, దులిపి, మళ్ళీ మడత పెట్టడం చేతకాక ఉండచుట్టి పడేశాడు.

"ఏమిటిది?" అన్నాను.

"రూలమ్మా. పనివాళ్ళ సంచులు చూడమన్నారు," అన్నాడు నా మొహం చూడకుండా.

"ఆవిడ బయటికి పోవట్లేదు. మందుల షాపు నుంచి ఇంటికి వస్తోంది. మా ఇంటికి."

"వచ్చేటప్పుడూ చూడమన్నారు."

అదే సమయానికి మా ఎదురింటి కెమెరా పిన్ని చేతికొక సంచీతో ఆ బల్ల పక్కనుంచే లోపలికి నడిచిపోయింది. బాల్కనీలో కూర్చుని వీధంతా కాస్తుందని ఆవిడకా పేరు. మొదట్లో కోప్పడేది. ఇప్పుడు, "కెమెరాకి కరెంటు కావాలి, నాకదీ అక్కర్లేదు," అని తనే చెప్పుకుంటుంది. ఆవిడ సంచులు ఎవరూ ముట్టుకోలేదు. ఆవిడ మాత్రం బల్ల మీదున్న ఆ తుడుపుగుడ్డ వంక చూసి, చటుక్కున తల తిప్పుకుంది.

అమ్మ ఒక్కొక్క వస్తువూ సంచీలో పెట్టుకుని, గుడ్డ ఉండ విప్పి మళ్ళీ నాలుగు మడతలు పెట్టుకుంది.

మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. ఆ డిగ్రీ ఈ కాలనీ ఇళ్ళల్లో అమ్మ తుడిచిన గచ్చు మీద నడుచుకుంటూ వచ్చింది. నీటిపన్ను ఆఫీసులో గుమస్తా ఉద్యోగం రాగానే ఇక్కడే రెండు గదుల పోర్షను అద్దెకి తీసుకున్నాను. ఇక పని మానెయ్యమంటే, "నీకు ఉద్యోగం వస్తే నేను రాజీనామా ఇవ్వాలా? నేను నీకంటే సీనియర్ని," అంది. అలా నాలుగిళ్ళ పని చేస్తూనే ఉంది. నేనిక్కడ మేడంని, అమ్మ పనిమనిషి. ఒకే గుమ్మంలోంచి వచ్చే ఇద్దరం.

ఆరు నెలల కిందట స్టేషన్ నుంచి ఒక అధికారి వచ్చి కాలనీవాళ్ళతో మాట్లాడాడు. ఇరుగుపొరుగు ఒకరినొకరు తెలుసుకోవాలి, వీధి దీపాలు సరిచూసుకోవాలి, వంతులవారీగా గస్తీ తిరగాలి, అప్పుడు దొంగతనం జరిగే ముందే ఆపొచ్చు అన్నాడు. నాకది ఎంతో నచ్చింది. భద్రతా సంఘం పెడితే నేనే ముందు పేరిచ్చాను. విజిల్ మెళ్ళో వేసుకుని నా వంతు గస్తీ ఒక్కసారి కూడా ఎగ్గొట్టలేదు.

సంఘం ప్రెసిడెంటు గారు పెద్ద ఆఫీసులో రిటైరైన మనిషి. ఆయనొక బోర్డు తయారు చేయించారు. ప్రతి ఇంటి నంబరుకీ ఒక చెక్క పలక. ఒకవైపు ఆకుపచ్చ, ఒకవైపు ఎరుపు. ఊరికెళ్ళేవాళ్ళు తమ పలకని ఎరుపు వైపు తిప్పి వెళ్ళాలి. గస్తీవాళ్ళు ఎర్ర పలక చూసి ఆ ఇంటి మీద ఓ కన్నేసి ఉంచుతారు. బోర్డు గేటు స్తంభానికి బిగించారు, దీపం కింద, రోడ్డు వైపుగా. దాని ముందు నిలబడి అందరం ఫొటో దిగాం.

తర్వాత రెండిళ్ళల్లో దొంగలు పడ్డారు. రెండిళ్ళవాళ్ళూ ఊళ్ళో లేరు. ఆ రెండింటిలో ఒకటి అమ్మ పనిచేసే ఇల్లు.

మీటింగులో ప్రెసిడెంటు గారు బల్ల గుద్ది మరీ అడిగారు. "ఇంట్లో మనిషి లేడని దొంగకి ఎలా తెలిసింది? లోపలి సమాచారం. లోపలివాళ్ళే ఎవరో చేరవేస్తున్నారు."

లోపలివాళ్ళంటే అందులో ఆయనా ఉన్నారు, నేనూ ఉన్నాను. కానీ ఆ మాట ఆయన నోట్లోంచి రాగానే అందరికీ అంట్లు తోమేవాళ్ళు, బట్టలు ఉతికేవాళ్ళు, కార్లు తుడిచేవాళ్ళే కనబడ్డారు. పనివాళ్ళు బయటికి వెళ్ళేటప్పుడు సంచులు చూడాలన్నారు. ఆదివారం బీట్ కానిస్టేబుల్ని పిలిచి పనివాళ్ళందరి వేలిముద్రలూ తీయించాలన్నారు. ముద్ర వెయ్యనివాళ్ళకి కాలనీలో పని లేదన్నారు.

"మీ అమ్మ మీద నాకు అనుమానం లేదమ్మాయ్," అన్నారు ప్రెసిడెంటు గారు నావైపు తిరిగి. "కానీ రూలంటే అందరికీ రూలే కదా."

"అందరికీ అంటే ఎవరెవరికండీ?"

"పనివాళ్ళందరికీ."

గేటు దగ్గర్నుంచి ఇంటికొచ్చాక ఆ సాయంత్రం అమ్మ తుడుపుగుడ్డని నానబెట్టి, ఉతికి, పిండి, మళ్ళీ ఉతికింది. మురికి లేని గుడ్డని అన్నిసార్లు ఎందుకు ఉతుకుతోందో అడగాలనిపించలేదు.

"పోనీ ఆ వేలిముద్ర వేసేస్తే పోలా అమ్మా? నువ్వు తప్పేం చెయ్యలేదుగా," అని చూశాను. నా మాట నాకే రుచించలేదు.

"ఏమే, బ్యాంకులో వేలు ముంచుకునేదాన్ని, నువ్వు పక్కన కూర్చోబెట్టి సంతకం నేర్పావు. ఎన్ని పలకలు పాడుచేశానో నీకు తెలుసు. సంతకం పెట్టమను, ఎక్కడైనా పెడతా. దొంగల్లో కలిపి వేలు ముంచమంటే మాత్రం ముంచను."

"పని పోతుందమ్మా."

"పని పోతే ఇంకోటి దొరుకుద్ది. ముద్రేస్తే, ఈమెది కూడా తీసుకున్నారట అని చెప్పుకుంటారు. ఆ మాట ఎక్కడ ఉతుక్కోనే?"

శనివారం ఆఫీసుకి వెళ్తూ, గేటుకి ఎదురుగా బస్‌స్టాపులో నిలబడ్డాను. పార్శిళ్ళు ఇచ్చే కుర్రాడు బండి ఆపి రోడ్డు అవతలికి చూస్తున్నాడు.

"ఎవరికోసం?" అన్నాను.

"ఎవరికోసం కాదు మేడం, బోర్డు చూస్తున్నా. మీరు ఈ కాలనీయేనా? మీ బోర్డు పుణ్యమా అని మాకు తిరుగుడు తప్పింది. ఎర్రగా ఉన్న ఇంటికి వెళ్ళనే వెళ్ళం, ఇక్కణ్ణుంచే చూసుకుని పోతాం. ప్రతి కాలనీలో పెడితే ఎంత బావుంటుందో!"

బస్సు వచ్చింది, వెళ్ళింది. నేనక్కడే నిలబడిపోయాను. ఏ ఇల్లు ఖాళీగా ఉందో రోడ్డున పోయే ప్రతివాడికీ దీపం పెట్టి మరీ చూపిస్తున్నాం. అది మేం చేసి, మా అమ్మ సంచీ దులిపాం.

రోడ్డు దాటి ఎర్ర పలకలన్నీ పచ్చవైపు తిప్పేశాను. ప్రెసిడెంటు గారికి ఫోన్ చేసి సంగతి చెప్పబోయాను. "రేపు చూద్దాంలే అమ్మాయ్," అని పెట్టేశారు.

ఆదివారం పొద్దున గేటు దగ్గరికి వెళ్ళేసరికి ఎర్ర పలకలు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి. "ఎవరో ఆకతాయితనంగా తిప్పేశారు. నేనే సరిచేశాను," అన్నారు ప్రెసిడెంటు గారు, చేతిలో మైకుతో. ప్రకటనలకని సంఘం కొన్న మైకది. మడతబల్ల వెనక కానిస్టేబుల్ ఇంకు ప్యాడు పెట్టుకుని కూర్చున్నాడు. ముందు పనివాళ్ళు వరసగా నిలబడి ఉన్నారు, వాళ్ళలో మా అమ్మ. చుట్టూ కాలనీవాళ్ళు, పెళ్ళికొచ్చినట్టు కబుర్లు చెప్పుకుంటూ.

"ఆకతాయిని నేనేనండీ," అన్నాను. కానిస్టేబుల్ వైపు తిరిగి, "సార్, ఒక్కసారి రోడ్డు దాటి అవతలికి రండి. ముద్రలు తర్వాత," అన్నాను.

అతను వచ్చాడు. వెనకే సగం కాలనీ వచ్చింది. బస్‌స్టాపులో నిలబెట్టి బోర్డు చూపించాను. అతను గట్టిగా నంబర్లు చదివి, "ఎర్రవి ఏమిటి?" అన్నాడు.

ప్రెసిడెంటు గారు ఉత్సాహంగా వివరించారు. కానిస్టేబుల్ మళ్ళీ బోర్డు వంక చూశాడు.

"అంటే ఈ ఇళ్ళల్లో ఎవరూ లేరని రాసి గేటుకి తగిలించారన్నమాట."

"రాయలేదండీ. రంగు మాత్రమే."

"దొంగతనం జరిగిన రెండిళ్ళూ అప్పుడు ఎర్రగా ఉన్నాయా?"

"ఉండే ఉంటాయి. వాళ్ళు రూలు తప్పే మనుషులు కాదు."

"ప్రజల భాగస్వామ్యం అన్నాం గానీ సార్, అందులో దొంగకి కూడా వాటా పెట్టమని మా స్టేషన్లో ఎవరూ చెప్పలేదు."

ఎవరో కిసుక్కున నవ్వారు. ప్రెసిడెంటు గారి మొహం ఎర్ర పలకలా అయింది. ఆయనే వెళ్ళి వాచ్‌మన్ చేత మేకులు ఊడదీయించి బోర్డుని అతని గదిలో గోడకి తిప్పి పెట్టించారు. అయిపోయింది, ఇక అమ్మని తీసుకుని ఇంటికి పోవచ్చు అనుకున్నాను. అప్పుడాయన మైకు అందుకున్నారు.

"సరే, అదలా ఉంచుదాం. కానిస్టేబుల్ గారు ఎలాగూ వచ్చారు, ఇంకూ తెచ్చారు. ముద్రల పని కూడా కానిచ్చేద్దాం."

ఇక నా నోరు ఆగలేదు. "ఎందుకండీ? దారి చూపించింది మీ బోర్డు. దాన్ని బిగించింది మనం. ముద్రలు తియ్యాలంటే ముందు మీవి, తర్వాత నావి తియ్యాలి. ఆ ఫొటోలో నవ్వుతూ నిలబడ్డవాళ్ళందరివీ తియ్యాలి. వీళ్ళేం చేశారని?"

"అమ్మాయ్, ఆవేశం వద్దు. ముందుజాగ్రత్త అంటారు దీన్ని."

"ఉండవే," అని అమ్మ నా చెయ్యి పట్టుకుని పక్కకి జరిపింది. వరసలోంచి ముందుకొచ్చి, బొడ్లో దోపుకున్న చిన్న మూట తీసి, ముడి విప్పి బల్ల మీద బోర్లించింది. నాలుగు తాళంచెవులు ఇంకు ప్యాడు పక్కన ఠంగుమని పడ్డాయి.

"సంచీ వెతికారు కదా బాబుగారూ. ఇవి వెతకలేదేం?" అంది. "నాలుగిళ్ళ తాళంచెవులు. ఒకటి మీ ఇంటిదే. అమ్మగారు పిల్లల దగ్గరికి వెళ్ళినప్పుడల్లా మొక్కలకి నీళ్ళు పొయ్యమని ఇచ్చారు. ఇన్నేళ్ళలో మీవి ఏం పోయాయో చెప్పండి."

ప్రెసిడెంటు గారు గొంతు సవరించుకున్నారు.

"ఏమీ పోలేదనుకోండి, ఆ ముక్క ఆ మైకులో చెప్పండి. సంచీ నలుగుర్లో దులిపారుగా, మాట కూడా నలుగుర్లో చెప్పండి. చెప్పినవాళ్ళ తాళం నేను తీసుకుంటా. చెప్పనివాళ్ళది ఇక్కడే ఉంటది, వాళ్ళే పట్టుకుపోవచ్చు."

ఎవరూ కదల్లేదు. కానిస్టేబుల్ ఇంకు ప్యాడు మూత టప్పున మూసి సంచీలో పెట్టుకున్నాడు. "ఇక్కడ నాకు పని లేదు సార్," అని లేచాడు.

అప్పుడు జనంలోంచి కెమెరా పిన్ని వచ్చింది. ప్రెసిడెంటు గారి చేతిలోంచి మైకు లాక్కున్నంత పని చేసింది. "మా ఇంట్లో చెంచా కూడా పోలేదు," అంది. మైకు కీచుమంది. "మొన్న నా సంచులు ఎవరూ చూడలేదు, ఈవిడది చూశారు. చూస్తూ నేను పోయాను. అన్నీ చూసేదాన్నని పేరొకటి! రేపు పొద్దున రామ్మా. గుడ్డ నీదే తెచ్చుకో."

అమ్మ నాలుగింటిలోంచి ఒక్క తాళంచెవి ఏరుకుని మూట కట్టుకుంది.

"మరి మిగతావి?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"మీ బల్ల మీదే ఉన్నాయిగా బాబుగారూ. కాపలా పెట్టుకోండి."

ఆ సాయంత్రం గస్తీ వంతు నాది. మానేద్దామా అనుకున్నాను. కానీ గస్తీ ఏం పాపం చేసింది? విజిల్ వేసుకుని బయల్దేరాను. గేటు దగ్గర బల్ల తియ్యలేదు. మిగతావాళ్ళిద్దరూ వచ్చి, ఎవరితో ఏమీ అనకుండా తమ తాళంచెవులు పట్టుకుపోయారని వాచ్‌మన్ చెప్పాడు. ఒక్కటే మిగిలింది, మైకు పక్కన.

నేను రెండో చుట్టు తిరిగి వచ్చేసరికి ప్రెసిడెంటు గారు బల్ల ముందు నిలబడి ఉన్నారు. నన్ను చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"మైకు పాడైపోయినట్టుందమ్మాయ్," అన్నారు. "పొద్దున కీచుమంది కదా."

నేను మీట నొక్కి, వేలితో తట్టి చూశాను. వీధి చివరిదాకా వినబడింది.

"బాగానే ఉందండీ," అని ఆయన చేతికిచ్చాను.