దోసిలి పట్టని రోజు

ఉపాధి పని వచ్చిన రెండో ఎండాకాలం అది. కంబదూరు పక్కన మా ఊరి బయట కుంట తవ్వుతున్నాం. శనక్కాయ పంట వరసగా పోయింది కాబట్టి సొంత చేను ఉన్నవాళ్ళం కూడా గడ్డపార పట్టాం. అక్కడ సుఖమైన పని ఒకటే, నీళ్ళు పోయడం. ఎండకు కట్టిన టార్పాలిన్ పట్ట కింద నీడలో కడవల దగ్గర కూర్చుని, వచ్చినవాళ్ళకు చెంబుతో పోయాలి. కూలీ మాత్రం అందరితో సమానం.

ఆ పని నాకివ్వమని కూలీలను చూసే మేటు జయరాముణ్ణి ముందు అడిగింది నేను. అతను ఇచ్చింది నా తోడికోడలు నారాయణమ్మకు. ఆమెకు నడుము నొప్పట. నా మోకాళ్ళు అరిగిపోయిన సంగతి ఎవరికీ కనపడదు. ఆమె కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఇంతే, అత్త మెచ్చుకునేదీ ఆమెనే, ఊళ్ళో నలుగురూ ఆగి పలకరించేదీ ఆమెనే. పెద్ద కోడలినన్న మాట నాకు పేరుకే. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నానని మీరనుకుంటే అనుకోండి, నిజమే.

మా పనుల దగ్గర చెంబు ఎవరూ నోటికి పెట్టరు. పోసే మనిషి నిలబడి పోస్తుంది, తాగే మనిషి ఆమె ముందు వంగి దోసిలి పట్టాలి. నారాయణమ్మ ముందు నేను వంగడమా? చచ్చినా వంగకూడదని పొద్దున్నే అనుకున్నాను.

ఇంటి నుంచి తెచ్చుకున్న సీసా నీళ్ళు తొమ్మిదింటికే అయిపోయాయి. మిగతావాళ్ళు మాటిమాటికీ పట్ట కిందికి పోయి వస్తుంటే నేను మట్టి తట్టలు మోస్తూనే ఉన్నాను. నారాయణమ్మ రెండుసార్లు చెంబు పట్టుకుని గట్టు దాకా వచ్చి పిలిచింది. విననట్టు అటు తిరిగాను. రామలక్ష్మమ్మకు దాహం కన్నా రోషం ఎక్కువని పక్కన తవ్వుతున్న గురప్ప నన్ను ఎగతాళి చేశాడు.

పదకొండింటికి తలపోటు మొదలైంది. కడుపులో తిప్పింది. అప్పటిదాకా కారిన చెమట ఆగిపోయింది. ఎండ కూడా నన్నేం చెయ్యలేకపోయిందని లోపల మురిసిపోయాను, అంత తెలివితక్కువదాన్ని. ఒళ్ళు పెనంలా కాలుతోంది. ఎత్తిన తట్ట ఎక్కడ దించాలో తోచలేదు. జయరాముడు ఏదో అడిగితే అతని పేరే గుర్తు రాలేదు. ఆ తర్వాత పడిపోయాను.

కళ్ళు తెరిచేసరికి పట్ట కింద ఉన్నాను. నారాయణమ్మ కొంగు తడిపి నా మెడకూ చంకలకూ అద్దుతోంది. తాగడానికి ఉంచిన కడవ మొత్తం నా మీద గుమ్మరించిందట. గురప్ప ఖాళీ తట్టతో విసురుతున్నాడు. నాకు బాగా తెలివి వచ్చాక ఆమె ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు గుక్క గుక్కగా తాగించింది. పడుకున్న మనిషికి దోసిలి ఎక్కడిది, చెంబే నోటికి పెట్టింది.

"పొద్దున్నుంచీ నువ్వు ఒక్క గుక్క తాగల్యా. నేను చూస్తానే ఉండా," అంది. "నా మీద కోపముంటే తిట్టు అక్కా. నీళ్ళేం జేసినాయి?"

ఆ తర్వాత నన్ను ఆటోలో కళ్యాణదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయి సెలైను ఎక్కించారు.

వారం తర్వాత పనికి పోతే జయరాముడు నన్ను కడవల దగ్గర కూర్చోమన్నాడు. నారాయణమ్మే అడిగి మార్పించిందట. ఆమె అప్పటికే గడ్డపార పట్టుకుని గుంతలోకి దిగింది. నడుము సంగతి ఏమని అడిగితే మెల్లగా చేసుకుంటానంది. నేను కోరుకున్న నీడా, కోరుకున్న చెంబూ నా చేతికి వచ్చాయి. సంతోషం మాత్రం రాలేదు.

గంట కాకముందే ఆమె వచ్చింది. మొహమంతా మట్టి. నొప్పికి పళ్ళు బిగపట్టి నా ముందు వంగి, దోసిలి పట్టింది. గటగటా తాగింది.

"ఇంగొంచెం పొయ్యక్కా," అంది.

పోశాను. ఆ నడుముతో కూడా నా ముందు ఏ రోషమూ లేకుండా అంత తేలిగ్గా ఎట్లా వంగిందా అని నాకు మళ్ళీ కడుపు మండింది.