హాల్డెన్ దొరల బాప్తిస్మపు చెంబు

నేను ఒక వెండి చెంబును. అలాగని అల్లాటప్పా చెంబును కాను, ఇంగ్లండులో హాల్డెన్ దొరల ఇంటి చెంబును. ఆ ఇంట ఏ బిడ్డ పుట్టినా, చర్చిలో బాప్తిస్మం అయ్యాక పెద్దలు చేతులు కడుక్కోవడానికి నాలోనే నీళ్ళు తెచ్చేవారు. నన్ను చేసిన కంసాలి నా కడుపు మీద వాళ్ళ వంశచిహ్నమైన సింహాన్ని చెక్కాడు. అతను సింహాన్ని ఎన్నడూ చూడలేదు కనుక అది పిల్లిలా కుదిరింది. ఆ పిల్లిని చూసుకునే తరతరాలుగా వాళ్ళు మీసాలు మెలేశారు.

చివరి దొర మగపిల్లలు లేకుండానే పోయాడు. మిగిలింది కూతురు ఏవిస్ ఒక్కతే. వారసురాలు మైనరైతే రాజుగారు ఆమెనూ ఆస్తినీ ఒక సంరక్షకుడి చేతిలో పెట్టేవారు. ఆ పదవి పొరుగు దొర సర్ ఫల్క్‌కి దక్కింది. మా అడవిలో జింకల్నీ మా చెరువులో చేపల్నీ తిని ఆయన బాగా బలిశాడు. పదహారేళ్ళు నిండితే ఆస్తి ఏవిస్‌ది, పెళ్ళి ఆమె ఇష్టం. నిండకపోతే ఆయన చెప్పినవాణ్ణి చేసుకోవాలి. ఆయన చెప్పేది తన కొడుకు గిల్బర్ట్‌ని. ఆ గిల్బర్ట్ వేటకుక్కలతో తప్ప మనుషులతో మాట్లాడి ఎరగడు. ఏవిస్ పదహారు నిండాయంటుంది, ఫల్క్ ఇంకా పదిహేనేనంటాడు.

పుట్టినరోజులు రాసుకునే అలవాటు అప్పట్లో లేదు. ఊరి పెద్దలే రాజుగారి అధికారి ముందు నిలబడి, ఆ పిల్ల పుట్టిన ఏడు తమకెలా గుర్తుందో చెప్పాలి. ఆ విచారణకి నన్ను కూడా తెచ్చి బల్ల మీద పెట్టారు. ఆమె బాప్తిస్మం అయి పదహారేళ్ళయిందనీ, ఆ రోజున గుర్రం మీంచి పడి కాలు విరిగింది గనుక గుర్తుందనీ అన్నాడు మొదటివాడు. రెండోవాడికీ కాలే విరిగింది. మూడోవాడు ఇల్లు తగలబడిందని మొదలుపెట్టి, ఆర్పబోయి కాలు విరగ్గొట్టుకున్నానని ముగించాడు. అలాగైతే ఆ రోజు చర్చికి నడిచివచ్చింది ఎవరయ్యా అని అధికారి విసుక్కున్నాడు. ఏవిస్ ముఖం పాలిపోయింది. నాకు గుండె ఉంటే అక్కడే ఆగిపోయేది.

అప్పుడు హేమో అనే ముసలి రైతు లేచి, ఆ రోజు నీళ్ళచెంబు మోసింది తానేనన్నాడు. ఫల్క్‌కి తిక్క రేగింది.

"వీడా మోసింది? దొరల ఇంటి చెంబు ఈ మట్టిచేతులకిస్తారా? నేను మోశాను. రాజుగారు తన పట్టాభిషేకంలో నాకు నైట్ బిరుదిచ్చిన వారానికే. మడమలకి గుర్రాన్ని అదిలించే బంగారు ముళ్ళు తొడుక్కుని చర్చంతా మోగేలా నడిచాను."

అధికారి కలం కింద పెట్టేశాడు. ఆ పట్టాభిషేకం జరిగి పదహారేళ్ళు దాటిందని దేశమంతటికీ తెలుసు.

"ఇక మిగతావాళ్ళ కాళ్ళతో నాకు పని లేదు," అని అధికారి ఏవిస్‌కి పదహారు నిండాయని తీర్పు చెప్పేశాడు.

నిజానికి ఆ రోజు నన్ను మోసింది హేమో కాదు, ఫల్క్ కూడా కాదు, మాడ్ అనే పనిమనిషి. ఫల్క్ వచ్చిన మాట నిజమే. కానీ కొత్త ముళ్ళు ఒకదానికొకటి తగులుకుని చర్చి గుమ్మంలోనే బోర్లా పడ్డాడు. పిల్ల వయసు ఒక్కటే నిజం, దాన్ని నిలబెట్టినవన్నీ కోతలే. నన్నెవరూ అడగలేదు, అడిగినా చెప్పేదాన్ని కాను.

ఆ సాయంత్రం విందులో ఏవిస్ పెద్దపీట మీద కూర్చుంది. భోజనానికి ముందు చేతులకి నీళ్ళు పోయడానికి పనివాడు నన్ను తీసుకుంటే ఆపింది.

"ఫల్క్ దొరగారూ, ఈ చెంబు మోయడం మీకు అలవాటేగా. ఒకసారి ఇలా రండి."

అందరి ముందూ కాదనలేక, పళ్ళు నూరుతూ వచ్చి ఆమె చేతుల మీద నీళ్ళు పోశాడు. ఆయన నన్ను మోయడం అదే మొదటిసారి.