నా మెట్టెల మీద పడ్డ నింద

పెళ్లయి నెల తిరగలేదు, మాకంటూ ఒక గది లేదు. కోదాడ దగ్గర మా అత్తగారి ఊళ్లో, రజాకార్లు తగలబెట్టిన ఇంటి జాగాలోనే ఒక పాక వేసుకుని నలుగురం అందులో సర్దుకుంటున్నాం. ఇల్లు కట్టడానికి రాళ్లు వచ్చాయి, సున్నం వచ్చింది, మేస్త్రీ వచ్చి తిరిగి వెళ్లిపోయాడు కూడా. మా అత్తగారు రూతమ్మ ఒప్పుకోలేదు. జగ్గయ్యపేటకు పారిపోయిన రోజు ఆమె తన తల్లి ఇచ్చిన వెండి కడియాలను ముంతలో పెట్టి, గొడ్ల కొట్టం గుంజ పక్కన పాతిపెట్టింది. తిరిగొచ్చేసరికి కొట్టమూ లేదు, గుంజా లేదు. ఎంత తవ్వినా ముంత దొరకలేదు.

"మా అమ్మ కడియాల మీద గోడ లేపుతరా? అవి దొరికినంకనే ఇల్లు" అంది.

సూర్యాపేట వెళ్లే పటాలం కోదాడలో ఆగింది. మా ఆయన ఏసుపాదం రెండో ప్రపంచ యుద్ధంలో సిపాయిగా పనిచేశాడు, బాటల కింద మందుపాతర్లు వెతికే పని. పటాలంలో పాత నేస్తం ఒకడు కనిపిస్తే బతిమాలి, పొద్దుగూకేలోపు తిరిగిస్తానని చెప్పి, ఆ వెతికే యంత్రాన్ని ఇంటికి తెచ్చాడు. పొడవాటి కర్ర, చివర పళ్లెం లాంటి చక్రం, వీపున బ్యాటరీ పెట్టె, చెవులకు రెండు డిప్పలు. కింద లోహం ఉంటే చెవిలో కూస్తుంది. డిప్పలు పెట్టుకున్నవాడికి తప్ప ఎవరికీ వినపడదు. అవి పెట్టుకుంటే మా ఆయన ఎంత ముద్దొచ్చాడంటే, చూస్తూ చూస్తూ సున్నం కుప్పలో కాలేశాను.

మొదట ఒక ఇత్తడి గుండీ దొరికింది. తర్వాత ఎద్దు నాడా, తర్వాత చార్మినార్ బొమ్మ ఉన్న నిజాం హాలీ నాణెం. ఒక్కొక్కటీ కడిగి కొంగులో మూట కట్టుకున్నాను. మామగారు మత్తయ్య అరుగు రాయి మీద కూర్చుని నవ్వారు.

"కోడలికి కొంగు నిండుతున్నది. నీ కడియాలే ఎవరెత్తుకపోయిన్రో, రూతీ."

"నోరు మూసుకొని కూసో" అంది అత్తగారు. కళ్లు మాత్రం ఆ చక్రం మీదే ఉన్నాయి.

పెరటి మూలలో మా ఆయన ఆగాడు. "జర జరుగు సులోచనా. నీ మెట్టెలు కూస్తున్నయ్."

జరిగాను. చక్రం ఇటు తిప్పి అటు తిప్పి, "ఇంకా జరుగు" అన్నాడు.

"తీసేయనా అండీ?"

"మెట్టెలు తీస్తదంట. పెండ్లయి నెల గాలే" అంది అత్తగారు. "ఏసూ, నీ పెండ్లం నిన్ను వదిలి అవతలికి పోతే గదా నీకు కడియాలు కనపడేది."

సిగ్గేసి పరుగెత్తి, వీధిలో ఉన్న రాళ్ల బండెక్కి కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాను. మా ఆయన మళ్లీ అదే మూలకు వెళ్లి, తల వంచి విన్నాడు.

"అరే, ఇంకా కూస్తున్నది. సులోచనా, యాడున్నవ్?"

"బండి మీదండీ."

మామగారే లేచి పలుగు అందుకున్నారు. మోచేతి లోతులో ముంత మూతి తగిలింది. లోపల గుడ్డలో నల్లబడ్డ కడియాలు. అత్తగారు వాటిని చెంగుతో తుడిచి, చెంపకు ఆనించుకుని, కూర్చున్నచోటే తొడుక్కుంది. కాసేపటికి చెయ్యి చాపింది.

"ఆ డిప్పలు నాకియ్యి. ఇవి మల్ల పాతు. నేను ఎతుకుత."

"అమ్మా, ఇప్పుడేగా దొరికినయ్."

"నువ్వు ఇన్నవ్. నేను ఇన్ననా?"

కడియాలు మళ్లీ మట్టిలోకి వెళ్లాయి. ఎక్కువ లోతు వద్దని నేను మా ఆయన చెవిలో చెప్పాను. అత్తగారు చెవులకు డిప్పలతో, పెట్టె మోస్తూ, పెరడంతా నెమ్మదిగా తిరుగుతోంది. ఎక్కడ పాతారో తెలిసినా ముందు అన్ని మూలలూ చూస్తోంది. వెనకాల మామగారు, "గీడ సూడు, గాడ సూడు" అని ఆటపట్టిస్తున్నారు. ఆమెకు ఒక్క మాటా వినపడదు.

నేనూ మా ఆయనా మేస్త్రీ వదిలిపోయిన తాడు తీసుకుని మా గది కొలత వేయడం మొదలుపెట్టాం. కిటికీ తూర్పుకు పెట్టాలని నేను, కాదు పడమటికని ఆయన.