హస్తవాసి

మామిడికుదురు దగ్గర మా ల్యాబ్‌లో మేం పెంచేది పురుగుల్ని. కొబ్బరాకుల రసం పీల్చేసే తెల్లదోమను తినే మిత్రపురుగులివి. వీటిని సీసాల్లో పెంచి, గుడ్లున్న అట్టముక్కలు రైతులకిస్తాం. పద్నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నది నేను, కృపావతిని, డాక్టరేటున్న శాస్త్రవేత్తని. ఆ సంగతి నేనే చెప్పుకోవాల్సి రావడం నాకు ఒళ్లుమంట.

మొదట్లో సగం పురుగులు చచ్చిపోయేవి. గదిలో తేమ ఎంతుండాలి, ఏ పూట మేత మార్చాలి, సీసాకి ఎన్ని వేస్తే ఒకదాన్నొకటి తినకుండా ఉంటాయి, ఇవన్నీ మూడేళ్లు రోజూ పుస్తకంలో రాసి తేల్చాను. చావులు ఆగాయి. మా హెడ్ కృష్ణమూర్తిగారు సీసాలు చూసి ముచ్చటపడ్డారు.

"మీ హస్తవాసి మంచిదండీ," అన్నారు.

వైద్యుల గురించి అనే మాట కదా అని మురిసి నవ్వాను. అక్కడే పప్పులో కాలేశాను.

ఆ తర్వాత అందరి నోటా అదే మాట. అమ్మగారి చేతి అట్టలే కావాలని రైతులు అడిగేవారు. బెంగళూరులో శిక్షణకు పిలుపొస్తే, నా చెయ్యి పడకపోతే పురుగులు బతకవని వినయ్‌ని పంపారు. ఢిల్లీ సదస్సుకీ అంతే. నా తర్వాత ఆరేళ్లకు చేరిన వినయ్ నా పుస్తకం పట్టుకెళ్లి, దాంతోనే ప్రసంగాలు చేసి వచ్చాడు. అతని నోట అది పద్ధతి, నా చేతిలో హస్తవాసి. ఇంట్లోనూ ఇదే గోల. ఇన్సులిన్ ఇంజెక్షన్ నేను చేస్తేనే నొప్పి తెలియదంటారు మా అత్తగారు. పక్క ఊళ్లో పెళ్లికి కూడా ఒక పూటే వెళ్లొస్తాను.

కృష్ణమూర్తిగారు ఈ నెలలో రిటైరవుతున్నారు. సీనియర్ని, ఆ కుర్చీ నాదే అనుకున్నాను. నిన్న ఆర్డరు వచ్చింది, వినయ్ పేరుతో. బయటి శిక్షణలూ సదస్సులూ లేవు కాబట్టి నాకు అర్హత చాలలేదట. వెళ్లి అడిగితే కృష్ణమూర్తిగారు నిజంగానే నొచ్చుకున్నారు.

"మిమ్మల్ని తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెడితే ల్యాబ్ ఏమైపోద్దండీ? మీరు లేందే ఒక్కరోజు నడవదు కదండీ."

అందులో వెటకారం లేదు. తిడితే తిరిగి తిట్టొచ్చు, పొగిడేవాళ్లని ఏం చెయ్యను? ల్యాబ్‌లోకొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఏడుస్తూనే గడియారం చూసి మేత మార్చాను. పాపం, పురుగులేం చేశాయి?

ఈ పొద్దున కావ్య ఒక కాగితం తెచ్చింది. రెండేళ్ల కిందట చేరిన పిల్ల, నా పుస్తకాన్ని అక్షరం పొల్లుపోకుండా పాటిస్తుంది. పీహెచ్‌డీ సీటొచ్చిందట. మూడేళ్లు సెలవు కావాలి, ముందు నా సంతకం ఉండాలి, ఇవాళే ఆఖరు తేదీ.

ఆమె సీసాల వంక చూశాను. ఒక్క పురుగూ చావలేదు. ఈ పిల్ల వెళ్లిపోతే మూడేళ్లూ నేనొక్కదాన్నే. ఆ ఒక్కపూట పెళ్లికి కూడా వెళ్లలేను.

"నీ హస్తవాసి మంచిదమ్మా," అన్నాను. "నువ్వెళ్లిపోతే వీటినెవరు చూస్తారు?"

కావ్య మురిసి నవ్వింది. ఆ నవ్వు నాకు తెలుసు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుంది.

"ఆయ్, మీరెలా అంటే అలాగేనండి మేడమ్."

ఇలా తేమ్మా, సంతకం పెడతాను అనాలి. నోటిదాకా వచ్చింది కూడా. అనలేదు. కావ్య అప్పటికే తర్వాతి సీసా మూత తీస్తోంది.