ఊయల మీద పళ్ల గాట్లు

అబద్ధం చెప్పినవాడిదేనా పాపం, పక్కన నిలబడి తల ఊపినవాడికీ అందులో వాటా ఉంటుందా? ఎబెన్ స్ట్రౌడ్ ఈ సందేహాన్ని ఏళ్లుగా మోస్తున్నాడు. చర్చిలో మోకరిల్లిన ప్రతిసారీ అది నాలుక చివరిదాకా వచ్చేది. పాస్టరుగారిని అడగలేదు. ఆయనా తల ఊపినవారే.

ఆ ఉదయమూ అదే ఆలోచనతో దుంగల ఇల్లు ఊడుస్తున్నాడు. ఒహాయో నది ఒడ్డునున్న ఊళ్లో, కోర్టు ఎదుటి మైదానంలో నిలబెట్టిన ఒంటిగది ఇల్లు అది. ఎబెన్ నడుము వంగిపోయింది. గొడ్డలి పట్టీ పట్టీ కుడిచేతి వేళ్లు కొంకర్లు పోయాయి. ఊడ్చాక గుమ్మం పక్క దుంగల్ని తడిమి చూశాడు. వచ్చినవాళ్లంతా అధ్యక్షుడు పుట్టిన ఇంటి గుర్తుగా జేబుకత్తితో ఒక పేడు చెక్కుకుపోతారు. ఒక మూల అప్పుడే పిడికిలి పట్టేంత గుంట పడింది.

అధ్యక్షుడు వీట్లీ పుట్టింది ఇక్కడ కాదు. వాళ్ల నాన్న బ్యాంకు వెనక, రెండంతస్తుల ఇటుక మేడలో. బడికి గుర్రబ్బగ్గీలో వెళ్లాడు. గవర్నరు పదవికి నిలబడ్డప్పుడు ఆ ఇటుకలు పార్టీకి పనికిరాలేదు. ఓట్లేసేవాళ్లకు దుంగల ఇంట్లో పుట్టిన పేదవాడు కావాలి. పార్టీ పనులు చూసే ప్రూయిట్, వాగు అవతలి ఎబెన్ ఇంటిని ఊడదీయించి, బండ్లకెత్తించి, కోర్టు ఎదుట మళ్లీ నిలబెట్టించాడు. ఎబెన్ భార్య థర్జాకు అప్పటికే ఊపిరి అందడం లేదు. బదులుగా ఊళ్లో వెచ్చని గది, ఎబెన్‌కు కాపలా పని ఇస్తామన్నారు.

"నువ్వేం చెప్పక్కర్లేదోయ్, చెప్పేది మేం చెప్పుకుంటాం. ఊరికే తల ఊపు," అన్నాడు ప్రూయిట్.

ఊపాడు. ఉపన్యాసానికి వచ్చిన వీట్లీ, తను పుట్టానన్న ఇంట్లోకి వెళ్లబోయి, గుమ్మం ఎత్తు తెలియక ద్వారబంధానికి నుదురు కొట్టుకున్నాడు. అయినా జనం చప్పట్లు కొట్టారు. గవర్నరయ్యాడు. తర్వాత అధ్యక్షుడై వాషింగ్టన్ వెళ్లాడు.

ఇంట్లో ఓ మూల ఊయల ఉంది. కొడుకు ఆమోస్ కోసం ఎబెనే చెక్కాడు. ఆమోస్ క్యూబా యుద్ధానికని బయల్దేరి, ఓడ ఎక్కకుండానే శిబిరంలో జ్వరంతో పోయాడు. ఎక్కడ పూడ్చారో ఎవరూ చెప్పలేదు.

థర్జా పోయేముందు ఒకటే అడిగింది. "ఆ ఇంట్లో, నలుగురి ముందు, మన పిల్లాడి పేరు ఒక్కసారి చెప్పు. ఇంకేం వద్దు నాకు."

చెబుతానన్నాడు. చెబితే పనీ పోతుంది, గదీ పోతుంది. ఆ మాట అలాగే బాకీ పడిపోయింది.

మధ్యాహ్నం రైలు దిగిన జనం వచ్చారు. ప్రూయిట్ మామూలు పాట ఎత్తుకున్నాడు. "ఈ పొయ్యి వెలుగులోనే అక్షరాలు దిద్దారు! ఈ ఊయలలోనే పెరిగారు!"

ఒక లావుపాటి రైతమ్మ మోకాళ్ల మీద కూర్చుని ఊయల అంచు నిమిరింది.

"ఇదిగో కోడలా, పళ్ల గాట్లు! పసితనంలోనే ఏం పట్టు పట్టాడో చూడు. ప్రతిపక్షంవాళ్లు ఊరికే పారిపోతున్నారా మరి!"

అందరూ నవ్వారు. ఆమె వంగి ఆ గాట్లను ముద్దు పెట్టుకుంది.

"అవి ఆమోస్‌వి," అన్నాడు ఎబెన్.

"ఎవరివి తాతా?"

"ఆమోస్ స్ట్రౌడ్. నా కొడుకు. ఈ ఇంట్లో పుట్టినవాడు వాడమ్మా, వీట్లీ కాదు. పళ్లొచ్చేటప్పుడు ఏది దొరికితే అది కొరికేవాడు."

ప్రూయిట్ తేలిగ్గా నవ్వాడు. "వయసు మీద పడింది పాపం. ఈమధ్య అధ్యక్షుడి తండ్రిని నేనే అంటున్నాడు."

"అయ్యో, పిచ్చి మారాజా!" అంటూ రైతమ్మ ఎబెన్ చేతిలో పిప్పరమెంటు బిళ్ల పెట్టింది. ఈలోగా కోడలు కత్తి తీసి, గాట్లున్న చోటే ఒక పేడు చెక్కుకుని రుమాల్లో చుట్టుకుంది.

జనం వెళ్లాక ప్రూయిట్ ఎబెన్ దగ్గరికొచ్చాడు. "రేపట్నుంచి రాకు. గది కూడా ఖాళీ చెయ్."

"అలాగే బాబూ."

ఎబెన్ ఇంటి వెనక బల్ల మీద నది వైపు తిరిగి కూర్చున్నాడు. "చెప్పేశాను థర్జా," అన్నాడు. సాయంత్రం దీపాలు వెలిగించేవాడు వచ్చి పలకరిస్తే పలకలేదు. గోడకు తల ఆనించి, ఒళ్లు చల్లబడి ఉన్నాడు.

అతని అన్నం డబ్బా పొయ్యి పక్కనే ఉండిపోయింది. వారం తిరక్కుండా ప్రూయిట్ మనుషులు దాన్ని మేకుకు తగిలించి, అధ్యక్షుడి తండ్రి పొలానికి పట్టుకెళ్లిన డబ్బా అని చెప్పి, ఎవరూ ముట్టుకోకుండా ముందు తాడు కట్టారు. అందులోంచి ఇంకా ఉల్లిపాయ వాసన వస్తూనే ఉంది.