రెండు నిమిషాలు ఎక్కువ

మా మిక్స్ డెబ్బై రెండు నిమిషాల నలభై సెకన్లే కదా ఉండాలి, అనిల్ ఏరిన పాటలు ఆరు, నేను కట్టినవి ఆరు, మొన్న నా ఫైళ్ళు వాడికి చేరాక ఇద్దరం కూర్చుని కాగితం మీద కూడినప్పుడు వాడే ఎర్ర పెన్నుతో ఆ అంకె కింద గీత కూడా కొట్టాడు, ఇప్పుడు ఫోన్లో చూస్తే డెబ్బై నాలుగు నలభై అంటోంది, ఈ రెండు నిమిషాలు ఎక్కడ మొలిచాయి, పెరిగిందంటే ఏదో పెట్టాడన్నమాట, పెట్టాడంటే ఏదో తీశాడన్నమాట, ఊరికే పెట్టే మనిషి కాదు అనిల్ కుమార్, పోయినేడు నా అయిదు నిమిషాల పాటని నలభై సెకన్లకు కోసేసి, ఒక్క మాట చెప్పకుండా ఆల్బమ్ వదిలేసి, అడిగితే, జనం ఆగరు షారోనూ, రెండో నిమిషానికి వేలు ఇంకో పాట మీదికి జారిపోద్ది, అని నవ్వినవాడు, ఇప్పుడేమో పొద్దున్నే మెసేజ్, చీరాలలో దిగేలోపు సరే అను, నాలుగింటికి వాడరేవు బీచ్‌లో వదిలేస్తున్నాం, ఒకసారి మొత్తం విను, మధ్యలో దూకొద్దు, ఎందుకు దూకొద్దట, దూకితే ఏం బయటపడుతుందని, బస్సు చిలకలూరిపేట దాటి పర్చూరు రోడ్డు ఎక్కింది, ఆడవాళ్ళకి ఫ్రీ అయ్యాక కిటికీ పక్కన సీటు దొరకడం అదృష్టమే, దొరికింది గానీ నాకు చెవులు తప్ప ఇంకేమీ పనిచేయడం లేదు.

ట్రాన్స్ మిక్స్ అంటే పాట పాటగా వినేది కాదు, ఒకదాని తోకని ఇంకోదాని మూతికి అతికించి గంటంపావు ఆపకుండా నడిపేది, అతుకు తెలియకపోతేనే గొప్ప, ఆ తెలియకపోవడమే నా భయం, అతుకుల్లో ఎంతైనా దాచొచ్చు, తెలిసిన బాణీ ఒకటి కొత్తది ఒకటి వరసగా పెడదాం అని ఒప్పందం, అన్నీ తెలిసినవే పెడితే పెళ్ళి ఊరేగింపు బండి అంటారు, అన్నీ కొత్తవే పెడితే మనిద్దరమే వినుకోవాలి, అన్నది అనిలే, మాట బాగానే ఉంది, మాటలు ఎప్పుడూ బాగానే ఉంటాయి వాడివి, మరి మొన్న టీ కొట్టు దగ్గర గుంటూరులో ఈవెంట్లు చేసే ఆయనతో తలకాయ తలకాయ ఆనించి మాట్లాడుతున్నవాడు నన్ను చూడగానే ఎందుకు ఆపేశాడు, టీ తాగుతావా అని ఎందుకంత గబగబా అడిగాడు, అందుకే ఈసారి నేనూ తెలివిగానే ఉన్నాను, మామూలుగా ఏ పాటకైనా చివర్లో ఉత్త దరువు కొంత వదులుతారు, అతికేవాడు పట్టుకోవడానికి పిడిలాగా, నా ఆరింటికీ ఆ పిడి కోసేసి పంపాను, నా పాట ఠక్కున ఆగాలి, విన్నవాడు ఉలిక్కిపడాలి, వాడి ఊరేగింపు బాణీ నా పాట మీదికి పాక్కుంటూ రాకూడదు, ఫోన్ చేశాడు, షారోనూ, చివరలు రాలేదేంటి, ఫైలు తెగిందా, అన్నాడు, లేదు, నా దగ్గర అంతే ఉంది, అన్నాను, మొత్తం నా లాప్‌టాప్‌లో భద్రంగానే ఉంది, సరేలే అన్నాడు, ఆ సరేలే ఏమిటో నాకు ఈ రోజుకీ అర్థం కాలేదు.

కిటికీ బయట కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి, ఘాటు బస్సులోకి కొడుతోంది, ఎవరో దగ్గారు, నాన్న గుర్తొచ్చాడు, ఇమ్మానియేలు అంటే గుంటూరు యార్డులో కమీషన్ కొట్లన్నిటికీ తెలుసు, కాయ చూడ్డంలో ఆయన్ని మించినవాడు లేడు, బస్తా మూతి విప్పేవాడే కాదు, పొట్టలో కోసి మోచేతిదాకా చెయ్యి దూర్చి నడిమికాయ లాగేవాడు, పైన నిగనిగలాడే కాయ పేర్చి మధ్యలో తెల్లబడ్డ తాలు కుక్కేవాళ్ళుంటారు మరి, పైకాయ పెళ్ళిచూపుల్లో పిల్లమ్మా, నడిమికాయ కాపరానికొచ్చిన పిల్ల, అనేవాడు, అమ్మకి వినబడేలా, అమ్మ ఊరుకునేదా, నడిమికాయని చూసే కదా కట్టుకుంది, అనేది, సరే నాన్నా, నేనూ నీ కూతురినే, దూకొద్దన్నాడు కదా, దూకుతాను, ఒక్కో పాట నడిమికే దూకుతాను, రెండోది ఉంది, నాలుగోది ఉంది, ఆరు, ఎనిమిది, నా పాటలన్నీ నిండుగా ఉన్నాయి, పదోది, అమ్మది, దాని మీదే నా ప్రాణమంతా, కోల్డ్ స్టోరేజీ షెడ్డులో అమ్మ పక్కన కూర్చుని మిరపకాయల ముచ్చికలు, అదే తొడిమలు, తుంచే చప్పుడు నలభై నిమిషాలు ఫోన్లో పట్టుకుని దాని మీదే ఆ పాట కట్టాను, పట్టుకునేటప్పుడు మధ్యలో అమ్మ దగ్గితే ఆపబోయాను, ఏంటే, నా దగ్గు కూడా అమ్ముతావా, అంది మా అమ్మ జయకుమారమ్మ గారు, పక్కనున్న ఆడవాళ్ళందరూ నవ్వారు, ఆ నలభై నిమిషాలూ కూడా అనిల్‌కి పంపాను, ఎందుకు పంపానో, అది వాడికి దొరికితే ఏ ఊరేగింపు పాటలో చిడతల బదులు వాడతాడో, పదోది కూడా ఉంది, పన్నెండూ ఉంది, ఒక్కటీ పోలేదు, అన్నీ ఉన్నాయి, అన్నీ ఉండడమే నాకు ఇంకా అనుమానంగా ఉంది.

మెసేజ్ టైపు చేసేశాను, నా పేరు తీసెయ్, నా ఆరు పాటలూ తీసెయ్, బొటనవేలు బాణం గుర్తు మీదే ఉంది, నొక్కితే మూడేళ్ళ జోడీ అక్కడికి సరి, మళ్ళీ చర్చిలో కీబోర్డు, ఆదివారం ఆదివారం అవే పాటలు, నొక్కకపోతే పోయినేటి లాగే నలుగురిలో వెర్రిదాన్నై నిలబడడం, ఈలోపు యద్దనపూడిలో ఎక్కిన పెద్దావిడ నా పక్కన కూలబడి, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఏం వింటున్నావమ్మాయ్, పెదవి రక్తం వచ్చేట్టు కొరుక్కుంటున్నావు, దేవుడి పాటలా, అంది, కాదండీ, మేం చేసిన పాటలు, అన్నాను, మీరే చేశారూ, ఏదీ నాకూ పెట్టు, నా పేరు వెంకటరావమ్మ, చీరాల మా అమ్మాయి దగ్గరికి పోతున్నా, అని చెవి చాపేసింది, తప్పలేదు, ఒక చెవి ఇయర్‌ఫోన్ తీసి ఆవిడకి పెట్టాను, ఆవిడ బొటనవేలి గోరు పక్కన చర్మం నల్లబడి పగిలి ఉంది, అమ్మకీ అంతే, పెద్దావిడ వింటుండగా పాట నడిమికి దూకడం సిగ్గనిపించి మొదట్నించీ వదిలేశాను, మొదటిది తెలిసిన బాణీ, ఆవిడ తలాడించింది, నా రెండోది వచ్చింది, తలాట ఆగిపోయింది, చూశావా, అనుకున్నాను, ఇదే అనిల్ అనేది, నా పాట ఠక్కున ఆగే చోటు దగ్గరికొచ్చింది, నేను పళ్ళు బిగబట్టాను, ఆగింది, ఆగాక ఖాళీ లేదు, ఊరేగింపు దరువూ లేదు, టిక్, టిక్‌టిక్, టిక్, చాలా చిన్నగా, ఎవరో పక్కన కూర్చుని ఏదో తుంచుతున్నట్టు, వెంకటరావమ్మ గారు నా మోచెయ్యి పట్టుకుంది, అమ్మాయ్, ఇది ముచ్చికలు తుంచుతున్నారు కదూ, బాగా ఎండిన కాయ, చూడు ఎంత చక్కగా విరుగుతోందో, చేసేది పాత మనిషే, కొత్తవాళ్ళకి ఆ ఊపు రాదు, అంది, ఆ టిక్కుల కిందికి మూడో పాట దరువు మెల్లగా వచ్చి చేరింది, అమ్మ చేతిని తొందరపెట్టలేదు, దరువే కాస్త నిదానించి అమ్మ వేగం అందుకుంది, పెద్దావిడ తల మళ్ళీ ఊగడం మొదలైంది, నేను అంకెలు చూశాను, ఇరవై సెకన్లు.

గబగబా నాలుగో పాట చివరికి పోయాను, ఇరవై, ఆరో దాని చివర ఇరవై, ఎనిమిది, పది, నా ప్రతి పాట చివరా ఇరవై సెకన్ల అమ్మ, పదో పాట వచ్చేసరికి ఆ చప్పుడు విన్నవాళ్ళకి నాలుగుసార్లు పరిచయమైపోయి ఉంటుంది, ఇంక ఎవరి వేలు జారుతుంది, పన్నెండో దాని చివర అన్నీ ఆగిపోయాక కూడా టిక్కులు కాసేపు నడిచి, అమ్మ ఒకసారి దగ్గి, అక్కడితో అయిపోయింది, ఆ దగ్గు వాడు తీయలేదు, ఆరు ఇరవైలు నూట ఇరవై, రెండు నిమిషాలు, నేను కోసేసిన ఆరు పిడులూ వాడు కూర్చుని మళ్ళీ పెట్టుకొచ్చాడు, నా దగ్గర అంతే ఉందన్నప్పుడు నమ్మాడో, అబద్ధమని తెలిసే సరేలే అన్నాడో, టీ కొట్టు దగ్గర వాళ్ళేం మాట్లాడుకున్నారో, అవేవీ నాకు తెలియవు, పోయినేడు వాడు కోసింది కోసిందే, అదీ మర్చిపోను, నేను ముక్కు తుడుచుకుంటుంటే, ఘాటు అనుకుని వెంకటరావమ్మ గారు నీళ్ళ సీసా ఇచ్చింది, చీరాల వచ్చేస్తోంది, బొటనవేలితో ఆ మెసేజ్ ఒక్కో అక్షరం చెరిపాను, సరే అని రాయబోయి ఆగాను, సరే అంటే సరిపోదు, నాన్నా, పొట్ట కోసి మోచేతిదాకా చెయ్యి దూర్చి వెతికాను, తాలు దొరికింది, అది అనిల్ పెట్టింది కాదు, చివరలు నా దగ్గరే ఉన్నాయి అనిల్, నేనే కోసి పంపాను, అని రాసి, చదువుకోకుండా నొక్కేశాను.